నడిబొడ్డు ఎవరిది? విజయవాడ స్వరాజ్ మైదానం చెప్పే చరిత్ర

గవర్నర్‌పేట లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దుకాణాల దగ్గర బయల్దేరి, బీసెంట్ రోడ్డులో తోపుడుబళ్ల మధ్య దారి చేసుకుంటూ బందరు రోడ్డెక్కి కాస్త నడిస్తే తల పైకెత్తక తప్పదు. చుట్టుపక్కల భవనాలన్నిటినీ దాటి బాబాసాహెబ్ అంబేడ్కర్ నిలబడి ఉంటారు. విగ్రహం 125 అడుగులు, పీఠం 81 అడుగులు, మొత్తం 206 అడుగులు. మా పల్లెల నుంచి పని మీద బెజవాడ వచ్చినవాళ్లు ఇక్కడ ఒక నిమిషం ఆగుతారు. కొందరు చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంటారు. పిల్లలు సెల్ఫీలు దిగుతారు. ఊరి బయట పల్లెలో పుట్టినవాళ్లకు నగరం నడిబొడ్డున తమవాడు అంత ఎత్తున కనిపించడం చిన్న విషయం కాదు. ఆ సంతోషాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో మాకు ఏకీభావం లేదు.

అయితే ఈ విగ్రహం నిలబడిన నేలకు ఒక చరిత్ర ఉంది. నిన్నమొన్నటి దాకా అది స్వరాజ్ మైదానం. అంతకన్నా వాడుకలో పీడబ్ల్యూడీ గ్రౌండ్స్. ఈ నేల ఎలా మారుతూ వచ్చింది, దాని మీద ఎవరెవరు కన్నేశారు, ఇప్పటి కట్టడం ఏం చెబుతోంది, ఇక ముందు ఆ నేల ఎవరికి అందుబాటులో ఉంటుంది అన్న ప్రశ్నలను ఉద్యమ మిత్రులు, విద్యార్థులు కలిసి ఆలోచించాలని ఈ వ్యాసం.

సెంటర్ల ఊరు

యూరప్ నగరాల గురించి చదివేటప్పుడు 'స్క్వేర్' అన్న మాట తరచూ వస్తుంది. చుట్టూ చర్చి, టౌన్‌హాలు, అంగళ్లు, మధ్యలో రాళ్లు పరిచిన ఖాళీ స్థలం. బెజవాడకు అలాంటి స్క్వేర్ ఎప్పుడూ లేదు. మనకున్నవి సెంటర్లు. అలంకార్ సెంటర్, విజయా టాకీస్ సెంటర్ అంటూ సినిమాహాళ్ల పేర్లతోనే దారి చెప్పుకునే ఊరు ఇది. హాలు మూతపడినా సెంటర్ పేరు పోదు.

పాత బెజవాడ ఇంద్రకీలాద్రి కింద, ఇప్పటి వన్ టౌన్‌లో ఉండేది. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్య నుంచే డెల్టాలోకి పారాయి. 1888లో మునిసిపాలిటీ ఏర్పడింది. కృష్ణ మీద రైలు వంతెన రావడంతో బెజవాడ పెద్ద జంక్షన్ అయింది. ఊరు కొండ కింది నుంచి కాలువలు దాటి పెరుగుతూ వచ్చింది. గవర్నర్‌పేట, గాంధీనగరం అలా ఎదిగిన పేటలే. ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు వాటికి వెన్నెముకలయ్యాయి.

ఈ ఎదుగుదలకు పెట్టుబడి ఎక్కడిది? డెల్టా పంట నుంచి వచ్చిందే. ఆనకట్ట నీళ్లతో మాగాణులైన పొలాల మిగులు బియ్యం మిల్లులుగా, సినిమాహాళ్లుగా, హోటళ్లుగా, ముద్రణాలయాలుగా ఈ ఊరికి చేరింది. ఆ పొలాల్లో నాట్లేసిందీ, కోతలు కోసిందీ, కాలువల్లో పూడిక తీసిందీ ఎక్కువగా మాల మాదిగలు. భూమి మాత్రం వాళ్లది కాదు. నగరం నడిబొడ్డులో వాళ్ల శ్రమ ఉంది గానీ వాళ్ల పేరు లేదు. ఈ కథలో ముందుగా గుర్తుపెట్టుకోవలసింది ఇదే.

1917: గుడి తలుపులు మూసిన మూడు రోజులు

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అన్న లక్ష్యాలు ఇక్కడే పెట్టుకున్నారు. పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా ఇచ్చిందీ ఆ సందర్భంలోనే. ఇవి పాఠ్యపుస్తకాల్లో ఉంటాయి. బందరు రోడ్డు తర్వాత మహాత్మా గాంధీ రోడ్డయింది. మైదానానికి స్వరాజ్ పేరు వచ్చింది.

అంతకు నాలుగేళ్ల ముందు ఇదే ఊళ్లో జరిగిన మరో సభ గురించి మాత్రం చాలామంది విద్యార్థులు వినలేదు. 1917 నవంబరు 4 నుంచి 6 వరకు, మైలవరం నాటకశాలలో, ఆంధ్ర దేశపు మొదటి పంచమ మహాజన సభ జరిగింది. గూడూరు రామచంద్రరావు దానికి పూనుకున్నారు. సుండ్రు వెంకయ్య ఆహ్వాన సంఘానికి అధ్యక్షులు. సభకు అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చారు. 'పంచమ' అన్న మాటనే ఆయన ఒప్పుకోలేదు. ఈ నేలకు మొదటి వాళ్లం మేమే కాబట్టి మమ్మల్ని ఆది ఆంధ్రులనండి అన్నారు. సభ పేరు అక్కడికక్కడే ఆది ఆంధ్ర మహాసభగా మారింది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా 'పంచమ' వంటి మాటల బదులు ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అన్న పేర్లను ఒప్పుకుంది.

ఆ సభ జరిగిన మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. సభకొచ్చిన అస్పృశ్యులు గుళ్లోకి వస్తారేమోనన్న భయం. వచ్చినవాళ్లు మాట్లాడుకున్నది బడుల గురించి, బావుల గురించి, భూముల గురించి. అయినా కొండ మీద తాళం పడింది. పట్టణం నడిబొడ్డుకి మనవాళ్లు సభగా వస్తే ఆనాటి బెజవాడ ఇచ్చిన జవాబు ఆ తాళం.

అందుకే 'స్వరాజ్' అన్న పేరు విన్నప్పుడల్లా ఎవరి స్వరాజ్యం అన్న ప్రశ్న మనకు వస్తుంది. అది కొత్త ప్రశ్నేమీ కాదు. గరిమెళ్ల సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనము' అని రాస్తే, రాజమండ్రి దళిత కవి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని రాశారు. తెల్లవాడు పోతే చాలదు, ఊళ్లోవాడి పెత్తనం కూడా పోవాలన్న మాట స్వాతంత్ర్యోద్యమం నడుస్తున్నప్పుడే ఆంధ్రలో పుట్టింది.

ఖాళీ నేలకున్న బలం

స్వరాజ్ మైదానం నీటిపారుదల శాఖ భూమి. ఆ శాఖ పాత పేరు పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్ కాబట్టి జనానికి అది పీడబ్ల్యూడీ గ్రౌండ్స్. ఆ మైదానంలో వాస్తుశిల్పం అంటూ ఏమీ లేదు. దుమ్ము, అంచుల్లో చెట్లు, ప్రహరీ, అంతే. ఏమీ లేకపోవడమే దాని విలువ. ఎన్నికలప్పుడు అన్ని పార్టీల బహిరంగ సభలూ అక్కడే. దసరాకు ఎగ్జిబిషన్, దీపావళికి టపాకాయల దుకాణాలు. 1989లో మొదలైన విజయవాడ పుస్తక మహోత్సవం చాలా ఏళ్లు ప్రతి జనవరిలో అక్కడే జరిగింది. మైదానంలోని రైతుబజారుకు తెల్లారకముందే చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూరగాయలు దిగేవి.

మాలో చాలామంది అంబేడ్కర్ రచనల తెలుగు సంపుటాలను మొదటిసారి చేత్తో పట్టుకుంది ఆ పుస్తకాల పండుగలోనే. హాస్టల్ పిల్లలం గుంపుగా నడిచి వెళ్లి, జేబులో ఉన్న డబ్బుకు సరిపడా పుస్తకం కోసం స్టాళ్లన్నీ తిరిగేవాళ్లం. అక్కడ ఎవరూ ఊరూ పేరూ అడిగేవారు కాదు. గోడలూ గుమ్మాలూ ఉన్న చోట ఎవర్ని రానివ్వాలో తేల్చేవాడు ఒకడుంటాడు. మైదానానికి వాడి అవసరం ఉండేది కాదు.

ఖాళీ నేల మీద అందరి కళ్లూ పడతాయి. 2014 తర్వాత రాజధాని ఈ ప్రాంతానికి రావడంతో మైదానం ధర ఆకాశానికంటింది. అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం ఒక చైనా సంస్థతో అక్కడ 'సిటీ స్క్వేర్' కట్టించాలనుకుంది. ఆ ప్రణాళికను నగర పౌరులు, వామపక్షాలు, పుస్తకప్రియులు వ్యతిరేకించారు. అది ముందుకు సాగలేదు. బెజవాడకు స్క్వేర్ అన్న మాట వచ్చింది ఆ రోజుల్లోనే. అయితే వాళ్లు తలపెట్టిన స్క్వేర్‌లో వ్యాపారానిదే పెద్దపీట.

ఊరి నడిబొడ్డు: కారంచేడు, చుండూరు, గరగపర్రు

నగరంలో విగ్రహం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కొంచెంసేపు డెల్టా పల్లెల్లోకి వెళ్లాలి. మన ఊళ్ల నిర్మాణమే కులం. బొడ్రాయి, రామాలయం, చావడి, పంచాయతీ ఆఫీసు ఊరి మధ్యలో. మాలపల్లి, మాదిగపల్లి ఊరి బయట. 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేడ్కర్ గ్రామాన్ని అంత కఠినంగా ఎందుకు విమర్శించారో ఈ పటం చూస్తే అర్థమవుతుంది. ఆంధ్ర దళిత ఉద్యమంలో పెద్ద మలుపులన్నీ బహిరంగ స్థలం చుట్టూ తిరిగినవే.

కారంచేడులో గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. మాదిగపల్లె తాగే నీళ్లను పాడుచేస్తున్నారని అడ్డుచెప్పిన మున్నంగి సువార్తమ్మ మీద దాడికి దిగితే ఆమె బిందె ఎత్తి ఎదురుతిరిగింది. మర్నాడు, 1985 జులై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. చీరాలలో తలదాచుకున్న బాధితుల శిబిరం నుంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారి నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది. 1927 మార్చి 20న మహద్ చవదార్ చెరువు నీళ్లు తాగి అంబేడ్కర్ చాటిన హక్కు, 58 ఏళ్ల తర్వాత కూడా కృష్ణ నీళ్లు పారే నేల మీద ప్రాణాలు తీసింది.

తెనాలి దగ్గరి చుండూరులో గొడవ సినిమాహాల్లో మొదలైంది. దళిత యువకుడి కాలు అగ్రకులస్థుడికి తగిలిందన్నది దానికి సాకు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. శవాలను మురుగు కాలువల్లో పడేశారు. వాళ్లను ఊరి బయట పూడ్చడానికి దళితులు ఒప్పుకోలేదు. ఊరి నడిమధ్యనే సమాధులు కట్టారు. ఆ చోటు పేరు రక్తక్షేత్రం. బతికుండగా నడిబొడ్డున చోటు దక్కనివాళ్లకు చనిపోయాక ఉద్యమం ఆ చోటు సంపాదించిపెట్టింది. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడం కూడా ఆ పోరాటంలో భాగమే. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది చొప్పున శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ నిర్దోషులన్నది.

పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో 2017లో జరిగింది మరీ సూటిగా ఉంటుంది. ఊరి మధ్యలో ఇతర నాయకుల విగ్రహాల వరసలో అంబేడ్కర్ విగ్రహం పెడితే తీసేశారు. న్యాయం అడిగిన దళితులను సాంఘికంగా వెలివేశారు. పనుల్లోకి పిలవలేదు, కౌలు భూములు వెనక్కి తీసుకున్నారు. విగ్రహాన్ని మీ పేటలో పెట్టుకోండి, మాకేం అభ్యంతరం లేదన్నది అలాంటి చోట్ల ఎప్పుడూ వినిపించే మాట. అంటే తగాదా విగ్రహం మీద కాదు, చోటు మీద. అంబేడ్కర్ పల్లెలో ఉంటే వాళ్లకు ఇబ్బంది లేదు. నడిబొడ్డుకి వస్తేనే ఇబ్బంది.

బందరు రోడ్డు మీద 206 అడుగుల కట్టడాన్ని చూసి మనవాళ్ల కళ్లు ఎందుకు చెమరుస్తాయో ఈ మూడు ఊళ్లు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

రాయి, కంచు, మండలం

ఇప్పుడు కట్టడం దగ్గరికి వద్దాం. అంబేడ్కర్ 125వ జయంతి జ్ఞాపకంగా 125 అడుగుల విగ్రహం అన్న ఆలోచన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వచ్చింది. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న, విజయవాడలో 2024 జనవరి 19న ఆవిష్కరించారు. రెంటిలో విగ్రహం ఎత్తు ఒకటే. తేడా పీఠంలో ఉంది. హైదరాబాద్ పీఠం 50 అడుగుల ఎత్తున పార్లమెంటు భవనాన్ని గుర్తుచేస్తుంది. విజయవాడ పీఠం 81 అడుగుల ఎత్తున బౌద్ధ కాలచక్ర మహామండలం నమూనాలో ఉంటుంది. అక్కడ ఆయన రాజ్యాంగ నిర్మాతగా నిలబడ్డారు. ఇక్కడ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్న బౌద్ధుడు కూడా ఆ నిలుపులో ఉన్నాడు.

విగ్రహం లోపల ఉక్కు చట్రం, పైన కంచు. దాదాపు 400 టన్నుల ఉక్కు, 120 టన్నుల కంచు వాడారని లెక్క. పీఠం లోపల మూడు అంతస్తుల్లో అంబేడ్కర్ జీవిత ప్రదర్శన, గ్రంథాలయం వంటివి. ఆవరణలో సమావేశ మందిరం, ఫుడ్ కోర్టు, నీటి కొలనులు, నడకదారులు. మొత్తం 18.81 ఎకరాలు, ఖర్చు సుమారు 404 కోట్ల రూపాయలు.

కాలచక్రం ఇక్కడికి ఎందుకొచ్చింది? బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో, బోధించాడని టిబెట్ బౌద్ధుల నమ్మకం. అందుకే 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర మహోత్సవం జరిపారు. మండలం అంటే చతురస్రాకారపు భవనం పటం. దానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు ఉంటాయి. ఏ దిక్కు నుంచి వచ్చినా నడిమధ్యకు చేరవచ్చు. పల్లెను ఒక దిక్కుకు నెట్టి ఊరికి దారి మూసే మన గ్రామ పటానికి ఇది పూర్తిగా ఎదురు.

అమరావతికి ఈ కథలో ఇంకో ముఖ్యమైన పాత్ర ఉంది. కృష్ణా తీరంలో అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేట అన్నీ స్తూపాలున్న చోట్లే. అమరావతి మహాచైత్యానికి రాజులు మాత్రమే దానాలు ఇవ్వలేదు. వర్తకులు, భిక్షుణులు, గృహిణులు, చేతిపనివాళ్లు ఒక్కో రాయి ఇచ్చి పేరు చెక్కించుకున్నారు. వాళ్లలో విధికుడు అనే చర్మకారుడు ఉన్నాడు. తన తల్లి, భార్య, అన్నదమ్ములు, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక దానం చేశాడు. 2018లో ఆంధ్రప్రదేశ్ రూపొందించుకున్న రాజముద్రలోని పూర్ణఘటానికి ఆధారం ఆ తోలుపనివాడి కానుకే. ప్రభుత్వ ఉత్తర్వు ప్రతి దాని మీదా అది ఉంటుంది.

రెండు వేల ఏళ్లనాటి చర్మకారుణ్ని ఇవాళ్టి కులం పేరుతో పిలవడం చరిత్ర కాదు. అప్పుడు అందరూ సమానమేనని చెప్పడమూ మా ఉద్దేశం కాదు. కానీ ఒక మాట నిశ్చయంగా చెప్పవచ్చు. ఆ కాలంలో ఈ నదీతీరపు అతి పెద్ద కట్టడం మీద తోలుపని చేసేవాడు తన వృత్తి పేరు దాచుకోకుండా, ఇంటిల్లిపాదితో సహా పేరు చెక్కించుకోగలిగాడు. 1917లో అదే నది ఒడ్డున, మూడు రోజులు గుడి తలుపులు మూసేశారు. మధ్యలో ఏం జరిగిందన్నదే మన చరిత్ర పరిశోధన విద్యార్థులు పట్టుకోవలసిన ప్రశ్న.

ఆ స్తూపం రాళ్లు ఏమయ్యాయో కూడా తెలుసుకోవాలి. కొన్ని జమీందారు కట్టడాల్లోకి పోయాయి, కొన్నిటిని సున్నం కోసం కాల్చేశారు. మిగిలినవాటిలో ఎక్కువ భాగం చెన్నై, లండన్ మ్యూజియంలకు చేరాయి. 1877లో అమరావతిని తవ్విన రాబర్ట్ సీవెల్, 1887లో బందరు రోడ్డు మీది విక్టోరియా జూబిలీ భవనానికి పునాదిరాయి వేశారు. ఇప్పుడది బాపు మ్యూజియం. విగ్రహం చూడ్డానికి వెళ్లే విద్యార్థులు ఆ మ్యూజియం కూడా చూసి రావాలి. రెండూ కలిపి చూస్తేనే పీఠం ఏ చరిత్రను గుర్తుచేస్తోందో అర్థమవుతుంది.

శిలాఫలకాల పోటీ

ఈ విగ్రహం రాజకీయాలకు అతీతంగా రాలేదు. 2017 ఏప్రిల్ 14న నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అమరావతిలోని ఐనవోలు దగ్గర అంబేడ్కర్ స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం మారాక ఆ పని ఆగింది. 2020 జులైలో జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వం స్వరాజ్ మైదానాన్ని ఎంచుకుని కొత్తగా శంకుస్థాపన చేసింది. 2024 జనవరిలో, ఎన్నికలు దగ్గరపడ్డాక, ఆవిష్కరణ జరిగింది. మళ్లీ ప్రభుత్వం మారింది. 2024 ఆగస్టు 8 రాత్రి, ప్రారంభించిన ముఖ్యమంత్రి పేరున్న అక్షరాలను పీకేశారు. ఆ తర్వాత కొన్నాళ్లు రెండు పార్టీల వాదనలతో టీవీలు హోరెత్తాయి.

ఆ అక్షరాలు తీసినవాళ్లది తప్పే. రాత్రి పూట అంబేడ్కర్ పీఠం మీద సుత్తి పెట్టే ధైర్యం ఎవరికీ ఉండకూడదు. కానీ ఆ గొడవంతా ఏ నాయకుడి పేరు ఉండాలన్న దాని చుట్టూనే తిరిగింది. విగ్రహానికి అంచెలంచెలుగా శంకుస్థాపనలు జరిగిన ఏళ్లలోనే దళితవాడల శ్మశానాలకు దారి లేని ఊళ్లు, అసైన్డ్ భూములు చేతులు మారిన ఊళ్లు, ఉప ప్రణాళిక నిధులు దారిమళ్లాయన్న ఆరోపణలు అలాగే ఉన్నాయి. విగ్రహం ఇచ్చాం కదా అని ఏ పార్టీ అన్నా, దానికి మన జవాబు ఒకటే ఉండాలి. విగ్రహం మాకు మీరిచ్చింది కాదు. కారంచేడు, చుండూరు నుంచి గరగపర్రు దాకా చోటు కోసం కొట్లాడినవాళ్లు తెచ్చింది.

మైదానం సంగతేమిటి?

ఇక అసలు ప్రశ్న. విగ్రహం నడిబొడ్డుకి వచ్చింది. మరి మనం?

స్మృతివనం కోసం రైతుబజారు అక్కణ్నుంచి కదిలింది. పుస్తక మహోత్సవం శాతవాహన కాలేజీ మైదానం, పాలిటెక్నిక్ కాలేజీ మైదానం, ఇందిరా గాంధీ స్టేడియం అంటూ తిరుగుతోంది. బహిరంగ సభలకు ఆ నేల ఇక దొరకదు. ఉన్నది సందర్శకుల ఆవరణ. గేటు, వేళలు, కాపలా ఉన్న చోటు. అంబేడ్కర్‌ను చూడవచ్చు. ఆయన చెప్పిన 'బోధించు, సమీకరించు, పోరాడు'లో సమీకరణకు మాత్రం చోటు చూసుకోవాలి.

నగరంలో నిరసనకు మిగిలింది అలంకార్ సెంటర్ దగ్గరి ధర్నా చౌక్. పారిశుధ్య కార్మికులు, అంగన్‌వాడీలు, హాస్టల్ విద్యార్థులు, నిరుద్యోగులు అందరూ వరసలో నిలబడేది అక్కడే. సెక్షన్ 30 అమల్లో ఉందంటూ అనుమతి రద్దవడం, ముందురోజు రాత్రే నాయకులను ఇళ్ల దగ్గర ఆపేయడం మనకు అలవాటైపోయింది. హైదరాబాద్ ఇందిరా పార్క్ ధర్నా చౌక్‌ను 2017లో ఎత్తేస్తే జనం కోర్టుకెళ్లి వెనక్కి తెచ్చుకున్నారు. ఢిల్లీ జంతర్ మంతర్ విషయంలో 2018లో సుప్రీంకోర్టు నిరసనను నియంత్రించవచ్చు గానీ పూర్తిగా నిషేధించకూడదన్నది. ఈ తీర్పులు మన విద్యార్థి సంఘాల చేతిలో ఉండాలి.

గవర్నర్‌పేటలోనే ఇంకో ఉదాహరణ ఉంది. పాత బస్టాండ్‌గా అందరికీ తెలిసిన ఆర్టీసీ స్థలంలో 4.15 ఎకరాలను ఒక షాపింగ్ మాల్ సంస్థకు కట్టబెట్టే ఉత్తర్వు 2025 జులైలో వచ్చింది. దాన్ని కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి. బీసెంట్ రోడ్డు బళ్లవాళ్లను 'ట్రాఫిక్' పేరుతో తరిమే ప్రయత్నాలు ఎన్నిసార్లు జరిగాయో ఆ రోడ్డు తెలిసిన వాళ్లకు లెక్కే ఉండదు. వీధి వ్యాపారుల హక్కులకు 2014లో చట్టం వచ్చినా ఇదీ పరిస్థితి. ఒకప్పుడు అంటరానితనం పేరుతో నడిబొడ్డు నుంచి బయటికి నెట్టారు. ఇప్పుడు ఆ పని అభివృద్ధి, సుందరీకరణ, ట్రాఫిక్ అన్న మాటలతో జరుగుతోంది. నెట్టబడేవాళ్లలో ఎక్కువమంది ఏ వాడల నుంచి వచ్చినవాళ్లో చూస్తే పాత కథే కనిపిస్తుంది.

రాజ్యాంగం ఈ విషయంలో మౌనంగా లేదు. 15వ అధికరణం రెండో భాగంలో అంబేడ్కర్, ఆయన సహచరులు దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, స్నాన ఘట్టాలు, రోడ్లు, జనం చేరే చోట్లు అన్నిటినీ పేరుపేరునా రాశారు. ప్రజల డబ్బుతో నడిచే ఏ చోటికైనా కులం పేరుతో అడ్డు ఉండకూడదన్నారు. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు 19వ అధికరణంలో ఉంది. ఆ జాబితా ఊహించి రాసింది కాదు. 1924లో మద్రాసు శాసనమండలిలో దారులు, బావులు, చెరువులు అందరికీ తెరవాలని రెట్టమలై శ్రీనివాసన్ తెచ్చిన తీర్మానం నుంచి మహద్ దాకా జరిగిన పోరాటాలు ఒక్కో మాటలో ఉన్నాయి.

కాబట్టి స్మృతివనం నిర్వహణ ఎవరి చేతిలో ఉన్నా మనం కొన్ని సంగతులు పట్టుబట్టి అడగాలి. ఏప్రిల్ 14, డిసెంబరు 6 తేదీల్లో మాత్రమే కాదు, ఏడాది పొడుగునా దళిత, ఆదివాసీ, మైనారిటీ సంఘాల సభలకు ఆవరణ దొరకాలి. సమావేశ మందిరం అద్దె విద్యార్థి సంఘాలకు, చిన్న సంఘాలకు అందేలా ఉండాలి. పుస్తక మహోత్సవానికి మళ్లీ చోటు ఇవ్వాలి. అంబేడ్కర్ పాదాల దగ్గర పుస్తకాలు అమ్మడం కన్నా ఆయనకు ఇష్టమైన గౌరవం ఇంకేముంటుంది? లోపలి గ్రంథాలయం ఊరికే చూపించే అద్దాల బీరువాగా కాకుండా పోటీ పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలు రాత్రి దాకా కూర్చునే గదిగా నడవాలి. ప్రదర్శనలో 1917 సభ, కారంచేడు, చుండూరు తప్పకుండా ఉండాలి. ఆ ఆవరణను ఊడ్చి శుభ్రం చేసే కార్మికులకు పర్మినెంట్ ఉద్యోగం, సరైన జీతం ఉండాలి. బాబాసాహెబ్ పీఠం దగ్గర పనిచేసే పారిశుధ్య కార్మికుడు కాంట్రాక్టు కూలీగా మిగిలితే ఆ కంచుకు అర్థం లేదు.

బందరు రోడ్డు మీద మనకు చోటు దొరికింది. ఇక దాన్ని వాడుకలో పెట్టాలి. ఈసారి మీ హాస్టల్ నుంచి, మీ పల్లె నుంచి స్మృతివనానికి వెళ్లేటప్పుడు ఫొటో దిగి వెనక్కి రావద్దు. పదిమంది కలిసి అక్కడ నేల మీద గుండ్రంగా కూర్చోండి. 1917లో ఇదే ఊళ్లో మనవాళ్లు మూడు రోజులు ఏం మాట్లాడుకున్నారో చదివి చర్చించండి. ఎవరైనా వచ్చి లేవమంటే ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా అడగండి. ఆ జవాబు ఏమొచ్చిందో మాకు రాయండి.